తొక్కుడు పడవ బేరం

కొట్టు కుర్రాడు మూడింటిని వరసగా పడుకోబెట్టి
పద్నాలుగడుగులది వేగం అన్నాడు,
పదిన్నరది సులువు అన్నాడు,
పన్నెండుది చూపించి ఊరుకున్నాడు.
నేను రంగులు చూడలేదు.
వంగి, ఒక కొస పట్టుకుని ఎత్తి చూశాను:
రెండు సోనామసూరి బస్తాలు, పైన ఓ చంటిపిల్ల.
దీన్ని ఇసకలో ఎవరు లాగుతారు బాబూ అంటే
మీ ఆయన రారా అన్నాడు.
రారు.
పైడిరాజుకి స్నానాల తొట్టిలో కూడా కడుపులో తిప్పుతుంది.

పోర్ట్ నోర్లుంగాలో ప్యాంట్ల అంచులు మడిచి కుట్టే కొట్టు నాది.
పదహారో ఏటి నుంచీ కాలి మిషను.
ఇక్కడ కరెంటుది కొన్నాక
కాళ్ళు రెండూ బల్ల కింద
పనిలేని పిల్లల్లా ఒకదాన్నొకటి తన్నుకుంటుంటాయి.
ఆదివారాలు జెట్టీ చివర గాలం వేసి
ఆరేళ్ళు కూర్చున్నాను.
మంచి చేపలన్నీ నా దారం అందే చోటికి
రెండు బారలవతలే తిరుగుతాయని
పక్కన కూర్చునే డెస్మండ్ అనేవాడు.
అతనే చెప్పాడు, తనదొకటుందని,
తుంటి మార్పించుకున్నాక
గ్యారేజీలో బోర్లా పడుందని.

ఎర్రటిది. పన్నెండడుగులే.
ఎండ తగిలిన పక్క
ఉతికి ఉతికి వెలిసిన కొంగులా ఉంది.
కుర్చీ పట్టీ తెగింది. చుక్కాని తాడు మాత్రం కొత్తది.
ధర అడగబోతే చెయ్యి అడ్డం పెట్టాడు:
"ముందు ఇందులోంచి పడు. తరవాత డబ్బు మాట."

మోనా ఒడ్డున కారు ఇసక మీదకే పోతుంది.
సెప్టెంబరు పొద్దు, వీపు మీంచి మెల్లగా నేలగాలి.
బుడగల్లాంటి చక్రాలెక్కించి నేనొక్కదాన్నే లాగాను
పొడి ఇసక దాటించి తడి ఇసక దాకా.
రెండుసార్లు ఆగి
జోళ్ళలో ఇసక దులుపుకున్నాను,
అందుకే ఆగినట్టు.

మొదటి మూడు అలలకి తొక్కకూడదట,
పొట్ట కింద రెక్కలు నేలకి తగిలి విరుగుతాయట.
వాటిని ముడిచి ఉంచి తెడ్డేసుకుంటూ
నురగ దాటాను. అక్కడ
ఒక కాలు నెట్టాను.
ఇంకో కాలు తనంతట తనే నెట్టింది.
మడమా వేళ్ళూ కాదు, ఎడమా కుడీ,
అయినా కాళ్ళు నన్నేమీ అడగలేదు.
కింద రెక్కలు ఇటూ అటూ,
ముందు నీళ్ళు
కత్తెర ఆడించకుండానే తెగే పట్టు గుడ్డలా.

కుర్రాడి పడవకి ఫ్యానుంది, వెనక్కీ తిరుగుతుంది.
దీనికి వెనక్కి పోవడం రాదు.
పోనీ, చుట్టూ తిరిగొద్దాం.
ఊడదీసి కుట్టడం నాకు కొత్తా?

తరవాత పడ్డాను. కావాలనే.
నీళ్ళు ఇంత చల్లనని
ఆరేళ్ళు వాటి మీదే కూర్చున్న మనిషికి
తెలియకపోవడం సిగ్గే.
లైఫ్ జాకెట్ చెవుల దాకా లేచింది.
మొదటిసారి అంచు పట్టుకుని వేలాడాను.
రెండోసారి పొట్ట మీద జారి
అవతలివైపు బుడుంగున మునిగాను.
ఒడ్డున పైడిరాజు ఫ్లాస్కు పట్టుకుని లేచి నిలబడ్డాడు.
డెస్మండ్ కదల్లేదు.
మూడోసారి కాళ్ళు తపతపా కొట్టుకుంటూ
మోకాలు చెక్కుకుంటూ పైకి పాకి, వెల్లకిలా తిరిగి
ఆకాశం కేసి చాలాసేపు దగ్గాను.

తొమ్మిది వందలన్నాడు. ఏడన్నాను.
ఎనిమిది,
పైన అతని రెండు ప్యాంట్లకి జిప్పులు.

రాత్రి ఆ రెక్కల యంత్రాన్ని మంచినీళ్ళతో కడిగి
మిషను పక్కనే పాత తువ్వాలు మీద ఆరబెట్టాను.
"చేపేదీ?" అన్నాడు పైడిరాజు
గిన్నె మూత తీసి చూసి.
కుర్చీ పట్టీ ఒళ్ళో వేసుకుని
లావు నైలాను దారం సూదిలోకి ఎక్కిస్తున్నాను.
చేతులింకా వణుకుతున్నాయి.
"ఆ లైటు కొంచెం ఇటు జరుపు" అన్నాను.